రావలసినవి ఆరు, వచ్చినవి మూడు

మా పాత రైడ్ గ్రూపులో రెండేళ్ళుగా చప్పుడు లేదు. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా నడిచే షిఫ్టుకి ఒకే వ్యాన్‌లో వెళ్ళేవాళ్ళం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపది. ఉద్యోగాలు మారి, ఊళ్ళు మారి, ఎవరి దారిన వాళ్ళం పోయాక కూడా దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. మొన్న అక్టోబర్లో ఒక మంగళవారం అందులో మెసేజ్ వచ్చింది: 'వ్యాన్ ఆంటీ పోయారంట.' సాయంత్రానికి పద్దెనిమిది మంది 'ఓం శాంతి' పెట్టారు. నేను లెక్కపెట్టాను. ఈ లెక్కపెట్టే జబ్బు నాకు అంటించింది ఆవిడే. ఆ పద్దెనిమిది మందిలో సగం మందికి ఆవిడ పేరు తెలియదని పందెం కాస్తాను. నాకూ చాలా కాలం తెలియదు. ఆంటీ అంటే పలికేవారు, అంతకంటే అవసరం పడలేదు.

మెసేజ్ చదవగానే నాకు ఏడుపు రాలేదు. ఆవిడే ఉంటే ఈ వార్త తెచ్చినవాణ్ణి ఏమని అడిగేవారో అది గుర్తొచ్చింది. 'చూసేవా, విన్నావా?' అనేవారు.

అది ఆవిడ ఊతపదం. వ్యాన్ ఎక్కి ఎవరు ఏ కబురు చెప్పినా ముందు ఆ ప్రశ్న దాటాలి.

"హైవే మీద పెద్ద యాక్సిడెంట్ అయిందంట ఆంటీ."

"చూసేవా, విన్నావా?"

"విన్న."

"సరే. విన్నావన్నమాట."

అంతే, ఆ కబురు అక్కడితో ఆగిపోయేది. విన్నవాటి మీద ఆవిడకి కోపమేమీ లేదు, వాటిని విన్నవాటి అరలో పెట్టేవారు. చూశానంటే మాత్రం రెండో ప్రశ్న ఉండేది: 'ఎన్ని?' ఇంటర్వ్యూకి చాలామంది వచ్చారంటే ఎంతమంది అని. మంచు బాగా పడిందంటే ఎన్ని అంగుళాలని. బేస్‌మెంట్‌లో బొద్దింకలు తిరుగుతున్నాయని ఒకసారి నేను ఏడ్చినంత పనిచేస్తే, స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యకుండా, "ఎన్నమ్మా?" అన్నారు. నాలుగు అన్నాను. "నాలుగే కదా," అన్నారు. ఏమిటో, ఆ మాటకి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

కళాశాలలు తలుపులతోపాటు కిటికీలు కూడా తెరిచి మమ్మల్ని చేర్చుకున్న రోజులవి. ఇంగ్లాండుది కాదు, కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఏ బస్సు ఎక్కినా సగం తెలుగు వినపడేది. వారంలో మూడు రోజులు క్లాసు, తక్కిన రోజులు హైవే పక్కన ఉన్న గిడ్డంగిలో పని. కారు విడిభాగాలు ట్రక్కుల్లో వచ్చేవి, మేము దించి, విప్పి, సర్ది, మళ్ళీ కట్టి పంపేవాళ్ళం. ఆంటీ రిసీవింగ్‌లో ఉండేవారు. అంటే వచ్చిన సరుకు లెక్క చూసుకోవడం. కాగితం మీద ఎన్ని రావాలని ఉంది, నిజంగా ఎన్ని వచ్చాయి, ఏ స్థితిలో వచ్చాయి. యాభై దాటిన మనిషి. రెండు స్వెట్టర్లు, వాటి మీద పసుపుపచ్చ సేఫ్టీ జాకెట్, నెత్తిన ఎర్ర మంకీ క్యాప్. చేతిలో ఎప్పుడూ ఒక ఫ్లాస్కు, అందులో చారు. గ్లాసులో పోసుకుని, ఇక్కడివాళ్ళు కాఫీ తాగినట్టు, ఊదుకుంటూ తాగేవారు.

ఆవిడ జీవిత చరిత్ర నాకు తెలియదు. లెక్కల టీచరని ఒకరు, మొగుణ్ణి వదిలేసి వచ్చారని ఒకరు, మొగుడు పోయాడని ఇంకొకరు చెప్పారు. ఇవన్నీ నేను విన్నవి. నేను చూసినవి వ్యాను, ఫ్లాస్కు, టెలిస్కోపు.

టెలిస్కోపుని ఆవిడ గొట్టం అనేవారు. నిజంగానే గొట్టం. మనిషి నడుం దాకా వచ్చే తెల్లటి లావుపాటి గొట్టం, కింద గుండ్రంగా తిరిగే చెక్క పీట. దానికోసం వ్యాన్‌లో వెనక సీటు పీకించేశారు. గొట్టాన్ని పడుకోబెట్టి సీటు బెల్టు కట్టేవారు. తర్వాత వెనక్కి తిరిగి మమ్మల్ని కూడా కట్టుకోమనేవారు, ఆ వరసలోనే.

మా షిఫ్టులో ఆరింటికి టీ బ్రేకు, ఎనిమిదింటికి భోజనం బ్రేకు. ఆరింటికి గొట్టాన్ని తీసుకెళ్ళి పార్కింగ్ లాట్ చివర, చెత్త డబ్బాల వెనక, లైటు పడనిచోట పెట్టి వచ్చేవారు. సెక్యూరిటీ అతను దాని మీద ఓ కన్నేసి ఉంచేవాడు. అంత ముందుగా ఎందుకని అడిగితే, "దానికీ చలి అలవాటు పడాలమ్మా," అన్నారు. వెచ్చటి వ్యాన్‌లోంచి తీసిన గొట్టంలో చూస్తే చుక్కలు వేడి నూనెలో వేసినట్టు వణుకుతాయట. ఎనిమిదింటికి అందరూ మైక్రోవేవ్ దగ్గర క్యూ కడితే ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని బయటికి నడిచేవారు.

ఒక్క చుక్క కోసం ఇంత తతంగం. అన్ని చుక్కలూ చూసేవారు కాదు. సప్తర్షుల తోకలో చివరి నుంచి రెండోది. అంతే. వశిష్ఠుడు, పక్కన అరుంధతి.

నేను చేరిన రెండో నెల, అక్టోబర్లో, మమ్మల్ని మొదటిసారి పిలిచారు. మేం నలుగురం వెళ్ళాం. మాలో సందీప్ అనే కుర్రాడు అందరికంటే ముందు ఉండేవాడు, మాటల్లోనూ, క్యూల్లోనూ. వాడే మొదట వంగాడు.

"వావ్. సూపర్ ఆంటీ," అన్నాడు.

మిగతా ఇద్దరూ చూసి బాగుందన్నారు. తర్వాత నేను. కన్ను పెడితే నాకు నలుపు తప్ప ఏమీ కనపడలేదు. చలి వేస్తోంది, లోపల నా డబ్బా ఇంకా వేడి చెయ్యలేదు. పెద్దావిడ, రోజూ ఇంటి దగ్గర దింపే మనిషి, ముచ్చటపడి పిలిచింది. అటువంటప్పుడు ఏమంటాం?

"కనిపించినయ్ ఆంటీ. మస్తున్నయ్," అన్నాను.

"ఎన్ని?"

"రెండు."

"ఏ రంగు?"

"తెలుపు. కొంచెం నీలం గూడ ఉన్నది."

ఆవిడ గొట్టం ముందువైపు నడిచారు. దాని మూతికి పెట్టి ఉన్న నల్ల మూత, పళ్ళెమంత మూత, తీసి నా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు చూడమ్మా," అన్నారు.

మూత మర్చిపోయారో, కావాలనే ఉంచారో నాకు ఈ రోజుకీ తెలియదు. నలుగురిలో ఒక్కరూ 'కనపడ్డంలేదు' అనలేదు. నాకు సిగ్గు వేసింది. సిగ్గుకంటే ఎక్కువగా, పట్టుకున్నందుకు ఆవిడ మీద ఒళ్ళు మండింది. సందీప్ మాత్రం నవ్వి, తప్పు మాది కాదన్నాడు.

"పెండ్లిల పంతులు పట్టపగలు మీదికి చూపించి అరుంధతి కనిపించిందా అంటడు. కనిపిస్తలేదని ఎవరన్న అంటరా ఆంటీ? మనకు చిన్నప్పటినుంచి అదే ట్రెయినింగ్."

"అది నిజవే," అన్నారు ఆంటీ.

"మీ పెండ్లిల మీరేమన్నరు మరి?"

ఆవిడ చారు ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. "బ్రేకు పన్నెండు నిమిషాలే ఉంది. చూసేవాళ్ళు చూడండి," అన్నారు.

అప్పుడు చూశాను. ఉత్తి కంటికి వాయవ్యం వైపు రెండు చుక్కలు: పెద్దది వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని చిన్నది అరుంధతి. గొట్టంలో చూస్తే ఆ వశిష్ఠుడే మళ్ళీ రెండు చుక్కలుగా విడిపోయాడు. మధ్యలో సన్నటి నల్లటి సందు. అరుంధతి కాస్త ఎడంగా నిలబడి ఉంది. మొత్తం మూడు. నిజంగా ఉన్నాయి. నేను మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను.

"ఆరున్నాయంటారమ్మా," అన్నారు ఆంటీ. "ఈ రెండు వశిష్ఠుల్లో ఒక్కోటీ మళ్ళీ రెండేసంట. అరుంధతికీ ఇంకో చిన్న తోడుందంట. పెద్ద పెద్ద యంత్రాలు పెట్టి, ఆ వెలుతురు విడదీసి లెక్కగట్టేరు. ఈ గొట్టానికి అంత శక్తి లేదు."

తర్వాత జాకెట్ జేబులోంచి మడిచిన కాగితం తీశారు. మా గిడ్డంగి రిసీవింగ్ ఫారం. స్కానర్లు వచ్చాక పాత ఫారాల కట్టలు పారేస్తుంటే, సూపర్‌వైజర్‌ని అడిగి మరీ ఇంటికి తెచ్చుకున్నారట. సరుకు పేరు అన్నచోట 'వశిష్ఠ–అరుంధతి' అని రాశారు. రావలసినవి: 6. వచ్చినవి: 3. వివరం: మబ్బు లేదు. చివర్న 'చెక్డ్ బై' అని ఉన్నచోట కొట్టేసి, 'చూసినవారు' అని రాసి, తన పేరులో రెండు అక్షరాలు పెట్టి, పెన్ను మాకిచ్చారు.

"ఆన్‌లైన్‌ల ఆరున్నయని ఉంటే ఆరే రాయొచ్చు కద ఆంటీ," అన్నాను.

"వాళ్ళు చూసేరు, వాళ్ళు రాసుకున్నారు. నేను చూసినవి మూడు."

"మూడు తక్కువొచ్చినయని కంప్లయింట్ ఎవరికి పెడ్తరు?" అన్నాడు సందీప్.

"పెట్టక్కర్లా. సరుకు దార్లో ఉంది," అన్నారు.

నవ్వారో లేదో మంకీ క్యాప్‌లో తెలియలేదు. ఆ కాగితం మీద నలుగురం పేర్లు రాశాం. కెనడా వచ్చాక నేను నింపిన ఫారాల్లో, కింద సంతకం పెడుతూ అనుమానపడని మొదటి ఫారం అదే.

ఆ చలికాలం అయ్యేసరికి నన్ను రిసీవింగ్‌కి మార్పించుకున్నారు. అక్కడ ఆవిడ పనిచేసే తీరు ఒకటే: పెట్టెల వరసని గుణించి ఊరుకోకూడదు, తాకి లెక్కపెట్టాలి. ఆరు వరసలు, ఎనిమిదేసి పెట్టెలు, నలభై ఎనిమిది అని ఎవరైనా చెబుతారు. లోపలి పెట్టె ఒకటి లేకపోయినా బయటినుంచి చూస్తే నలభై ఎనిమిదిలాగే ఉంటుంది. ఒకసారి నేను మూడుసార్లు లెక్కపెట్టి నలభై ఏడే వస్తున్నాయని భయపడుతూ చెప్పాను. ఆవిడ వచ్చి, తను లెక్కపెట్టి, ఏమీ అనకుండా ఫారం మీద 47 వేసి నా చేత సంతకం పెట్టించారు. ట్రక్కు డ్రైవరు తిట్టుకున్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు ముందు సీటు నాకిచ్చారు.

చుక్కల దగ్గరికీ వెళుతూనే ఉన్నాను. డిసెంబర్లో సప్తర్షులు ఉత్తరాన బాగా కిందికి, ఎదుటి గిడ్డంగి కప్పు వెనక్కి పోయేవి. ఆ వారాల్లో ఫారం మీద 'వచ్చినవి: 0, అడ్డం: పక్క బిల్డింగ్' అని రాసేవారు. మన దగ్గర ఆ చుక్కలు పూర్తిగా అస్తమిస్తాయి, ఇంత ఉత్తరాన అస్తమించవు, బిల్డింగ్ లేకపోతే రాత్రంతా కనపడతాయి. "ఇక్కడ వీళ్ళకి షిఫ్టు దిగడం లేదమ్మా," అనేవారు. చూసిన ప్రతిసారీ ఎన్ని అని అడిగేవారు. ఒకసారి పల్చటి మబ్బులో రెండే కనపడ్డాయన్నాను. తనకి మూడు కనపడ్డాయన్నారు. ఫారం మీద రెండు లెక్కలూ వేశారు, ఎవరి పేరుకెదురుగా వాళ్ళది.

చదువు అయింది. వర్క్ పర్మిట్ వచ్చింది. అదే గిడ్డంగిలో ఫుల్‌టైమ్ చేశాను. పర్మిట్ ఇంకో ఏడు నెలలు ఉందనగా లెక్క వేసుకుంటే పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరంగా ఉండిపోయే అనుమతికి, నా పాయింట్లు చాలవని తేలింది. పెట్టెలు మోసి, లెక్కపెట్టిన అనుభవం పీఆర్ లెక్కలోకి రాదు. సూపర్‌వైజర్‌గా చేసిన అనుభవం వస్తుంది. ఏడాది చేశానని ఒక ఉత్తరం ఉంటే గట్టెక్కుతాను, లేకపోతే సూట్‌కేసు సర్దుకోవాలి. నాకు వెనక్కి వెళ్ళాలని లేదు. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ చెప్పను.

ఆంటీ అప్పటికి రిసీవింగ్‌లో మా అందరి మీదా లీడ్ అయ్యారు. లంచ్ రూములో కమలాపండు ఒలుచుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"ఆంటీ, ఒక లెటర్ కావాలె. మీ దగ్గర నేను ఏడాది సూపర్‌వైజర్‌గ చేసిన్నని. మీరు సైన్ పెడితే చాలు."

"నీ కింద ఎంతమంది చేసేరమ్మా?"

"ఎవ్వరు లేరు. మీకు తెలుసు కద."

"మరి?"

"అందరు గిట్లనే రాయించుకుంటున్నరు ఆంటీ."

"ఎంతమంది?"

నాకు ఆ ప్రశ్న ఎంత కంపరంగా అనిపించిందో చెప్పలేను. అప్పటిదాకా ముచ్చటగా ఉన్న అలవాటు, నా అవసరానికి అడ్డం వచ్చేసరికి రోత పుట్టింది.

"మీకు పీఆర్ ఉన్నది, సిటిజన్ గూడ అయిన్రు. అందుకే మీకు ఈ లెక్కలన్ని గుర్తొస్తయ్," అన్నాను.

ఆవిడ పండు ఒలవడం ఆపారు.

"అది నిజవే," అన్నారు. "నాకు ఏ ఇబ్బందీ లేదు కాబట్టి మాట్లాడుతున్నా. కానీ నేను చూళ్ళేదమ్మా. చూడంది రాయలేను. నువ్వు చేసింది రాసిస్తాను. అది బోల్డుంది."

మూడు రోజుల తర్వాత వ్యాన్‌లో నా సీటు మీద ఒక కవరు ఉంది. ఇంగ్లీషులో, టీచరు చేతిరాతలో, ఒక పేజీ. ఫలానా నెల నుంచి ఈ అమ్మాయి నా దగ్గర పనిచేస్తోంది, నేను చూసినవి ఇవి, అని మొదలుపెట్టి వరసగా రాశారు. అందులో ఆ పెట్టెల సంగతి కూడా ఉంది: 'నలభై ఎనిమిది ఉండాల్సినచోట నలభై ఏడే ఉన్నాయని చెప్పింది. నేను మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఏడే ఉన్నాయి.' నేను దాన్ని సందీప్‌కి చూపించి, దీంతో పీఆర్ మాట దేవుడెరుగు, లైబ్రరీ కార్డు కూడా రాదన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ కవరు సూట్‌కేసు జిప్పులో పడేశాను.

నాకు కావలసిన ఉత్తరం పక్క ఊరు కిచెనర్‌లో ఒక సామాన్ల దుకాణం ఆయన రాసిచ్చాడు. తక్కిన కాగితాలన్నీ ఆయనే చూసుకున్నాడు. ఆ దుకాణంలో నేను అడుగుపెట్టింది రెండుసార్లు: ఒకసారి కరివేపాకు కొనడానికి, ఒకసారి ఉత్తరం తెచ్చుకోవడానికి. అందులో ఉన్నదాని ప్రకారం నేను ఏడాది పాటు ఐదుగురి మీద అజమాయిషీ చేశాను. చెప్పినవన్నీ నిజమేనని అప్లికేషన్ చివర ఒక గడి ఉంటుంది. టిక్కు పెట్టాను. పంపేశాను.

పీఆర్ వచ్చింది. స్వీట్ల డబ్బా కొని మొదట ఆంటీకే ఇచ్చాను. ఎందుకు మొదట ఆవిడకే అంటే, అప్పుడు నా మనసులో ఉన్నది కృతజ్ఞత కాదు, చూడండి మీ సంతకం లేకుండానే వచ్చింది అన్న పొగరు. ఎలా వచ్చిందని అడుగుతారనుకున్నాను. సమాధానం తయారుగా పెట్టుకున్నాను.

ఆవిడ కాజా ఒకటి తీసుకుని, "మంచిదమ్మా. సుఖంగా ఉండు," అన్నారు. అంతే.

ఆ సాయంత్రం బ్రేకులో ఎప్పటిలాగే గొట్టం దగ్గరికి వెళ్ళాను. జరిగి నాకు చోటిచ్చారు. వంగి చూశాను. మూడూ శుభ్రంగా కనపడుతున్నాయి. తలెత్తి నిలబడ్డాను. ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తున్నారు.

"చలిగా ఉంది, లోపలికి పద," అన్నారు.

ఎన్ని అని అడగలేదు. పెన్ను ఇవ్వలేదు. ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఉన్న నాలుగు నెలల్లో ఎన్నోసార్లు చూడనిచ్చారు, చారు పోసి ఇచ్చారు, ఇంటి దగ్గర దింపారు, ఒకసారి నాకు జ్వరమొస్తే మందులు తెచ్చారు. ఎన్ని అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. బొద్దింకల్ని కూడా లెక్క అడిగిన మనిషి. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అని, సరిపోయేది. నేనే ఒకరోజు ఉండబట్టలేక, "ఇయ్యాల మూడు ఆంటీ," అన్నాను. "అలాగామ్మా," అన్నారు. సందీప్ ఎక్కడో విని మోసుకొచ్చే కబుర్లకి 'అలాగా' అనే మాటే అది. నన్ను విన్నవాటి అరలో పెట్టేశారని అర్థమైంది.

తర్వాత నాకు లండన్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. మా ఊళ్ళో చుట్టాలు ఇంగ్లాండు లండన్ అనుకుని సంబరపడ్డారు. ఇది ఒంటారియో లండన్ అని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. నేను కదిలిన కొత్తలో ఆంటీకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఆవిడ బాగా మాట్లాడారు. మూడోసారి చెయ్యలేదు.

'ఓం శాంతి'ల తర్వాత శనివారం కేంబ్రిడ్జ్‌లో ఆంటీ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది కూతురు. నా వయసే ఉంటుంది, అవే కళ్ళు. నా పేరు చెప్పకముందే, "యు ఆర్ ద లిడ్ గర్ల్, రైట్?" అంది. మూత అమ్మాయి. వాళ్ళింట్లో నా పేరు అదట. "మామ్ టోల్డ్ దట్ స్టోరీ టు ఎవ్రీవన్," అని నవ్వి, కళ్ళు తుడుచుకుంది. ఆంటీ ఎలా పోయారో చెప్పింది. నిద్రలో, గుండె.

గరాజ్‌లో గొట్టం సీటు బెల్టు లేకుండా గోడకి ఆనించి ఉంది. పక్కన ఫారాల పెట్టె.

"షీ సెడ్ గివ్ దెమ్ టు యు. ఐ ఆస్క్డ్ వై. షీ సెడ్, దట్ వన్ కెన్ కౌంట్."

దానికి లెక్కపెట్టడం వచ్చు అన్న ఆ మాటని ఆ అమ్మాయి మామూలుగానే చెప్పింది. నేను గొట్టాన్ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి బెల్టు కట్టి, పెట్టె ముందు సీట్లో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఫారాలు నేల మీద పరిచాను. తేదీల వరసలో కట్టలు కట్టి ఉన్నాయి. స్వీట్ల రోజు దాకా నేనున్న ప్రతి ఫారం మీదా నా పేరుంది. ఆ రోజుది తీశాను. రావలసినవి ఆరు, వచ్చినవి మూడు, మబ్బు లేదు, చూసినవారు అన్నచోట ఆవిడ రెండు అక్షరాలు మాత్రమే. నా గురించి కనీసం ఒక తిట్టయినా ఉంటుందేమోనని వెనకా ముందూ వెతికాను. ఏమీ లేదు.

పెట్టె అడుగున, కట్టలో చేరకుండా, ఒక ఫారం విడిగా ఉంది. తేదీ చూస్తే మూత రోజుది. ఆ రోజు ఫారం మేం నలుగురం సంతకాలు పెట్టింది వేరే ఉంది కదా అని ఇది చదివాను. రావలసినవి: 2. వచ్చినవి: 0. వివరం: 'పెళ్ళి పందిరి. పగలు పదకొండు గంటలు. కనపడిందని చెప్పేను.' చూసినవారు అన్నచోట రెండు అక్షరాలు కాదు, పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో. ఆ ఇంటిపేరుతో ఆవిడ పేరు నేను చదవడం అదే మొదలు. సందీప్ అడిగినదానికి మా ముందు చారు తాగి ఊరుకున్న మనిషి, ఆ రాత్రే ఇంటికి వెళ్ళి, ముప్పై ఏళ్ళు దాటిన లెక్కని కూర్చుని సరిచేసుకున్నారు.

నేను ఏడ్చింది అప్పుడు.

మర్నాడు సాయంత్రం ఏడున్నరకి మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో గొట్టం పెట్టాను. చాలా ముందే బయట పెట్టి ఉంచాలని తెలుసు, పెట్టలేదు, ఓపిక లేకపోయింది. మూత మాత్రం ముందే తీశాను. వాయవ్యంలో తోక దొరికింది. గొట్టంలో వశిష్ఠుడు ఒక్కటే ముద్దగా వణికాడు, ఎంత తిప్పినా విడిపోలేదు. అక్కడ సందు ఉందని నాకు తెలుసు, ఎన్నోసార్లు చూశాను. పెట్టెలో మిగిలిన ఖాళీ ఫారం ఒకటి కారు బానెట్ మీద పెట్టుకుని రాశాను. రావలసినవి: 6. వచ్చినవి: 2. వివరం: గొట్టం చల్లబడలేదు.

తర్వాత ఇంకో ఫారం తీశాను. సరుకు పేరు: సూపర్‌వైజర్ అనుభవం. రావలసినది: ఒక ఏడాది. వచ్చినది: 0. వివరం: 'చేశానని చెప్పాను.' దాన్ని పైకి తెచ్చి, సూట్‌కేసు జిప్పులోంచి ఆంటీ ఉత్తరం తీసి, రెండూ కలిపి మడిచి కవరులో పెట్టాను. ఆంటీ తన ఫారాన్ని ఆ పురోహితుడికి పంపలేదు. నాది పంపవలసిన ఇమిగ్రేషన్ ఆఫీసు ఒకటుంది, అడ్రసు నాకు తెలుసు, పంపితే నా పీఆర్ ఏమవుతుందో కూడా తెలుసు. వారం నుంచి ఆ కవరు బల్ల మీదే ఉంది. ఇవాళ మళ్ళీ విప్పి చూస్తే నా ఫారంలో చూసినవారు అన్న గడి ఖాళీగా కనపడింది. అందులో నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా, పాస్‌పోర్టులో ఉన్నట్టే.